సిక్కోలు సర్కారులో ఒక దినం

భూమిపై సంచరించి, పూర్వపు జాతులకు ఏ గతి పట్టిందో కళ్ళారా చూడవలసిందని దివ్య ఖుర్ఆన్ పలుచోట్ల ప్రబోధిస్తుంది. ఈ ప్రబోధం తలపుకు వచ్చినప్పుడు తెలుగు ముస్లిముల మనస్సు సహజంగానే కార్డోవా వైపు, బాగ్దాదు వైపు, ఢిల్లీ వైపు పోతుంది. దగ్గరలో అంటే గోల్కొండ, బీజాపూరు. కాని ఆంధ్రదేశపు ఈశాన్యపు కొసన, మహేంద్రగిరికీ సముద్రానికీ నడుమ, నూరేళ్ళకు పైగా ముస్లిం పరిపాలనకు కేంద్రంగా ఉండిన పట్టణం ఒకటి ఉన్నది. అదే శ్రీకాకుళం. పాత పత్రాలలో చికాకోల్. జనం నోట సిక్కోలు. ఒక్క దినంలో చూడదగిన ఈ ప్రాంతం గర్వించడానికి కొంత, సిగ్గుపడడానికి కొంత, ఆలోచించడానికి చాలా మిగిల్చింది.

ఉత్తర సర్కారులు ఐదు. దక్షిణం నుండి చెబితే ముర్తజానగర్ అనబడే గుంటూరు, ముస్తఫానగర్ అనబడే కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరం, చిట్టచివర చికాకోల్. ఈ చివరి సర్కారు మళ్ళీ మూడు భాగాలు: ఇచ్ఛాపురం, చికాకోల్, కశింకోట. కాబట్టి ఈ సర్కారును అర్థం చేసుకోదలచిన యాత్రికుడు నేరుగా శ్రీకాకుళంలో దిగక, ఉదయాన్నే ఇచ్ఛాపురంలో బయలుదేరి, ఉద్దానం మీదుగా పలాస, టెక్కలి దాటి రావడం మంచిది. రాజధాని గొప్పతనం రాజధానిలో కనిపించదు. దానికి పన్ను కట్టిన పల్లెలలో కనిపిస్తుంది.

ఇచ్ఛాపురం నుండి టెక్కలి దాకా

ఇచ్ఛాపురం నేడు ఆంధ్రప్రదేశ్‌కు సరిహద్దు పట్టణం. ఒకప్పుడు సర్కారు ఉత్తరభాగానికి ఇది ముఖ్యస్థానం. ఆ అధికారపు ఆనవాళ్ళు ఇప్పుడు అంతగా కానరావు. ఊరిని ఆనుకొని ఉన్న పీర్లకొండ మాత్రం ఆ కాలపు జ్ఞాపకాన్ని మోస్తూ నిలిచింది. ఆ గుట్టను ఎక్కేవారిలో ముస్లిముల కంటే హిందువులే అధికం. అక్కడి ఆచారాలలో ధర్మశాస్త్ర దృష్టితో ఆక్షేపించదగినవి ఉండవచ్చు. అయితే చరిత్రకారునికి అక్కడ కనిపించేది వేరు: ఫౌజుదారు పేరును మరచిన జనం పీరు పేరును మరువలేదు.

అక్కడి నుండి దక్షిణంగా కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వరకు సముద్రతీరం వెంబడి పరుచుకున్నదే ఉద్దానం. ఉద్యానవనం అనే మాటే వాడుకలో ఉద్దానం అయిందంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో ఆ పేరుకు తగినట్లే ఉంటుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఈ తోటలను నేలమట్టం చేసింది. ఒక కొబ్బరిచెట్టు కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది గనుక ఒక్క రాత్రి గాలి ఒక తరం సంపాదనను తీసుకుపోయిందనడం అతిశయోక్తి కాదు. దీనికి తోడు దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ఈ పల్లెలను ఎన్నో ఏళ్ళుగా పీడిస్తున్నది. దీనికి ఫలానా కారణమని వైద్యశాస్త్రం ఇంకా ఒక్క మాట మీదికి రాలేదు. 2023 డిసెంబరులో హిరమండలం జలాశయం నుండి వంశధార నీటిని ఈ గ్రామాలకు అందించే పథకం, పలాసలో మూత్రపిండాల వైద్య పరిశోధనాలయం ప్రారంభమైనవి. చరిత్ర చూడవచ్చిన యాత్రికుడు ఈ వర్తమానాన్ని చూడకుండా ముందుకు పోరాదు. ఏ పాలనకైనా గీటురాయి ప్రజలకు అందిన నీరు, అన్నం, న్యాయమే.

పలాస, కాశీబుగ్గ జంట పట్టణాలు జీడిపప్పు పరిశ్రమకు ప్రసిద్ధి. కాని వీటికి ఇంకొక చరిత్ర కూడా ఉన్నది. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగింది. కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, సమీపంలోని మందస జమీందారీలో గుడారి రాజమణిపురం వద్ద రైతులపై పోలీసులు కాల్పులు జరిపారు. అడవిలో కట్టెలు కొట్టుకొనే హక్కు కోసం మొదలైన తగవు అది. నిండు గర్భిణి గున్నమ్మ, ఆమెతో పాటు మరికొందరు ప్రాణాలు కోల్పోయారు.

ఈ సంఘటనకూ ఫౌజుదారుల కాలానికీ సంబంధమేమిటని పాఠకులు అడగవచ్చు. సంబంధం ఉన్నది. ఫౌజుదారు ప్రధానంగా సైన్యాధికారి. రాజధానికి దగ్గరగా ఉన్న హవేలీ భూములను సర్కారు నేరుగా పాలించుకొనేది. మందస, టెక్కలి, పర్లాకిమిడి వంటి కొండల అంచు సంస్థానాల నుండి మాత్రం పేష్కషు అనే కప్పం పుచ్చుకొని ఊరుకొనేది. ఆ కప్పాన్ని జమీందారు రైతు నుండి ఎంతకు ఎంత రాబడుతున్నాడో విచారించే నాథుడు లేడు. ఇంగ్లీషు కంపెనీ వచ్చి ఈ పద్ధతిని తుడిచిపెట్టలేదు సరికదా, 1802-04 సంవత్సరాలలో శాశ్వత పైసలా పేరిట దానికి చట్టబద్ధత కల్పించింది. హవేలీ భూములను ముక్కలు చేసి వేలం వేసింది. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేదాకా ఆ భారం రైతు వీపు మీదనే ఉండిపోయింది. గోల్కొండ వారి ఉదాసీనత, మొగలాయిల అవసరం, కంపెనీ వారి లాభాపేక్ష కలిసి కట్టిన ముడి అది. ఆ ముడిని విప్పబోయినవారిలో గున్నమ్మ ఒకతె.

టెక్కలి చేరే ముందు తేలినీలాపురంలో కాసేపు ఆగవచ్చు. ప్రతి ఏటా శీతకాలానికి ముందు గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఈ ఊరి చింతచెట్ల మీద గూళ్ళు కట్టుకొని పిల్లలను లేపుకొని పోతాయి. ఊరివారు వాటిని ఇంటికి వచ్చిన ఆడబిడ్డలుగా భావించి ఎవరినీ రాయి వేయనివ్వరు. దూరం నుండి వచ్చిన ప్రాణికి నీడ ఇవ్వడం ఈ సీమకు కొత్త కాదు.

పట్టణం, దాని పేర్లు

టెక్కలి నుండి నరసన్నపేట మీదుగా సుమారు యాభై కిలోమీటర్లు వస్తే నాగావళి ఒడ్డున శ్రీకాకుళం. ఈ నదికి లాంగుల్య అని మరొక పేరు. లాంగలమంటే నాగలి, బలరాముడు తన నాగలితో ఈ నదిని తెచ్చాడని స్థలపురాణం. నది ఒడ్డున ఉన్న ఉమారుద్ర కోటేశ్వరాలయాన్ని కూడా బలరాముని ప్రతిష్ఠగానే చెప్పుకొంటారు. పట్టణానికి ఒక అంచున అరసవల్లి సూర్యదేవాలయం, కొంత దూరాన శ్రీకూర్మం, వంశధార ఒడ్డున గంగరాజుల నగరమైన ముఖలింగం ఉన్నాయి. ముస్లిములు రావడానికి ఎన్నో శతాబ్దాల ముందే ఇది పండిన నాగరికత గల నేల అని గుర్తించనిదే తరువాతి చరిత్ర అర్థం కాదు.

చికాకోల్ అనే పేరుకు ఒక కథ ఉన్నది. సిక్కా ఖోల్ అంటే ముద్ర విప్పు అని అర్థం. సర్కారుకు చెల్లించే పైకం సంచుల ముద్రలను ఇక్కడ విప్పేవారట. అందుచేత ఆ పేరు వచ్చిందంటారు. కథ ముచ్చటగా ఉన్నా, శ్రీకాకుళమే పరభాషల నోట చికాకోల్ అయిందనడం సమంజసం. గుల్షనాబాదు అనే మరొక పేరు కూడా చెబుతారు. అంటే పూదోటల ఊరు. ఏ ప్రభుత్వ పత్రమూ నిలబెట్టలేని ఆ పేరు పోయింది. సిక్కోలు అన్న జనం మాట మాత్రం నిలిచింది.

పేర్ల ప్రసక్తిలో మరొక వింత. గోల్కొండ పక్షాన ఇక్కడ మొదటి ఫౌజుదారైన షేర్ మహమ్మద్ ఖాన్ వెంట వచ్చిన వెలమదొర పెద్దరాయుడు, తాను పొందిన జమీలో ఊరు కట్టి, తన పైఅధికారి పేరును దానికి పెట్టాడంటారు. షేర్ అంటే పెద్దపులి, తెలుగులో బెబ్బులి. ఆ బెబ్బులే బొబ్బిలి అయిందని వారి వంశచరిత్ర. విజయనగరం పూసపాటి వారి మూలపురుషుడు సైతం ఇదే ఫౌజుదారుతో వచ్చాడని ఆ వంశంవారు చెప్పుకొంటారు. ఈ రాకను సాధారణంగా 1652కు చెబుతారు. ఫౌజుదారు కట్టించిన మసీదుది 1641. అంటే వంశచరిత్రల సంవత్సరాలను శాసనాలతోనూ కట్టడాలతోనూ సరిచూసుకొని తీసుకోవాలి. ఎలా చూసినా, తెలుగు వీరగాథలలో మారుమ్రోగే ఒక పేరు వెనుక ఒక పారసీక నామం ఉన్నదన్న సంప్రదాయం గమనార్హం.

జామియా మసీదు ముందు

పట్టణంలో యాత్రికుడు ముఖ్యంగా చూడవలసింది జామియా మసీదు. అబ్దుల్లా కుతుబ్‌షా (1626-1672) ఏలుబడిలో, క్రీ.శ. 1641లో షేర్ మహమ్మద్ ఖాన్ దీనిని నిర్మించాడు. అది హిజ్రీ 1050-51. ఐదేళ్ళ క్రితం, 1636లో, గోల్కొండ ఢిల్లీ బాదుషా షాజహానుకు లోబడుతూ ఒప్పందం రాసిచ్చింది. ఉత్తరాన దారి మూసుకుపోయిన రాజ్యం తూర్పు తీరం మీదా, కర్ణాటకం మీదా దృష్టి నిలిపింది. అటువంటి వేళ సరిహద్దు పట్టణంలో లేచిన పెద్ద మసీదు కేవలం నమాజు స్థలమే కాదు, అధికార ప్రకటన కూడా.

ఇక్కడనే ఒక కఠినమైన ప్రశ్న ఎదురవుతుంది. ఈ మసీదును ఒక దేవాలయపు రాళ్ళతో కట్టారని బ్రిటిష్ కాలపు గెజెటీర్లు రాశాయి. పట్టణ ప్రజల జ్ఞాపకంలోనూ ఆ మాట ఉన్నది. దీనిని ముస్లిం పాఠకుడు ఎలా స్వీకరించాలి?

సాధారణంగా రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి, అదంతా ఇంగ్లీషువారి కుట్ర అని తోసిపుచ్చడం. రెండవది, విజేతల కాలమది, అలాగే జరుగుతుంది అని సరిపెట్టుకోవడం. రెండూ సత్యానికి దూరమే. గెజెటీర్లు సంఘటన జరిగిన రెండు శతాబ్దాల తరువాత, తమ పాలనను మెరుగుగా చూపదలచిన అధికారులు రాసినవన్న మాట నిజం. శిథిలమైన గుడి రాళ్ళు వాడడం వేరు, పూజలందుకొంటున్న గుడిని పడగొట్టడం వేరన్నదీ నిజమే. ఈ భేదాలను చరిత్రకారుడు పరిశీలించాలి. కాని ఊరి జ్ఞాపకాన్ని విచారణ లేకుండానే అబద్ధమని కొట్టివేయడం పరిశీలన కాదు, పక్షపాతం. తనకు, తన తల్లిదండ్రులకు వ్యతిరేకమైనా సరే సాక్ష్యం నిజంగా పలకమన్న ధర్మం ఖుర్ఆన్ విధించినదే.

రెండవ దారికి సమాధానం ఇస్లామియ చరిత్రలోనే ఉన్నది. మదీనాలో దైవప్రవక్త (సల్లం) మసీదు కోసం ఎంచుకొన్న స్థలం ఇద్దరు అనాథ బాలురది. వారు ఉచితంగా ఇస్తామన్నా ఆయన అంగీకరించక వెల చెల్లించిన తరువాతనే కట్టడం మొదలైంది. జెరూసలేం స్వాధీనమైనప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) అక్కడి పెద్ద చర్చిలో నమాజు చేయడానికి నిరాకరించారని, తాను చేస్తే తరువాతివారు ఆ స్థలాన్ని తమదంటారని కారణం చెప్పారని చరిత్రకారులు పేర్కొన్నారు. సూరె హజ్ నలభయ్యో ఆయత్ మఠాలను, చర్చీలను, యూదుల ప్రార్థనాలయాలను, మసీదులను ఒకే వరుసలో పేర్కొని వాటి రక్షణను ప్రస్తావించింది. ఆక్రమించిన నేల మీద మసీదు కట్టరాదన్నది ఫిఖ్హ్ పండితుల నిర్ణయం. షేర్ మహమ్మద్ ఖాన్ నిజంగా గుడి కూల్చి ఉంటే ఆయన ఈ ప్రమాణాలను పాటించలేదు. ఆయన చర్యకు ఆయనే బాధ్యుడు. ఆయన ఫర్మానా ధర్మానికి ప్రమాణం కాదు.

అదే న్యాయంతో ఇంకొక మాట కూడా చెప్పాలి. నాలుగు శతాబ్దాల క్రితం ఒక సైన్యాధికారి చేసిన పనికి, ఆ మసీదులో నేడు సుజూద్ చేస్తున్న సామాన్యుడిని దోషిగా నిలబెట్టడం ఏ ధర్మంలోనూ న్యాయం కాదు. ఒకరి భారాన్ని మరొకరు మోయరు. 1947 ఆగస్టు 15 నాటికి ఉన్న ప్రార్థనాస్థలాల స్వభావాన్ని అలాగే ఉంచాలని 1991లో పార్లమెంటు చేసిన చట్టం ఉద్దేశం కూడా పాత గాయాలను తిరిగి రేపరాదనే.

కుతుబ్‌షాహీల చరిత్రకు ఇది ఒక్కటే ముఖం కాదన్నదీ మరువరాదు. ఈ వంశానికే చెందిన ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకొన్నారు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆయనకు అంకితమిచ్చాడు. ఆయన కొలువుకు చెందిన అమీన్ ఖాన్‌కు పొన్నగంటి తెలగన్న యయాతి చరిత్రను అంకితం చేశాడు. అయితే ఆ మంచి ఈ చెడును చెరిపివేయదు, ఈ చెడు ఆ మంచిని చెరిపివేయదు. రెంటినీ పక్కపక్కన ఉంచి చూడగలగడమే చరిత్ర పఠనానికి ఫలం.

ఫౌజుదారులు పోయిన తీరు

1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది. చికాకోల్ మొగలాయి సర్కారు అయింది. 1724లో నిజాముల్ ముల్క్ ఆసఫ్‌జా దక్కనులో స్వతంత్రుడైన తరువాత ఇక్కడికి పంపిన అన్వరుద్దీన్ ఖాన్ చాలాకాలం ఈ సీమను పాలించాడు. తరువాత ఆర్కాటు నవాబై, 1749లో అంబూరు యుద్ధంలో వృద్ధాప్యంలో కత్తి పట్టి మరణించినవాడు ఈయనే. అదే కాలంలో రాజమహేంద్రవరం వైపు అధికారం చేసిన రుస్తుం ఖాన్ జమీందారులను అణచడానికి తలలు నరికించి గుట్టలుగా పేర్పించాడని ప్రతీతి. కప్పం సక్రమంగా వసూలైనందుకు కంపెనీ అధికారులు అతనిని మెచ్చుకొన్నారు. భయం వల్ల వచ్చిన ఆ క్రమం ఎంతకాలం నిలిచిందో తరువాతి సంఘటనలే చెబుతాయి.

1753లో నిజాం సలాబత్ జంగ్ తన సైన్యపు జీతాల కోసం నాలుగు సర్కారులను ఫ్రెంచివారికి రాసిచ్చాడు. రాజమహేంద్రవరం, చికాకోల్‌ల ఫౌజుదారు జాఫర్ అలీ ఖాన్ వాటిని వదలనన్నాడు. సహాయానికి నాగపూరు మరాఠాలను పిలిచాడు. వచ్చినవారు ఊళ్ళు దోచుకొని వెళ్ళారు. ఫౌజుదారు చివరికి సలాబత్ జంగ్‌కే లొంగిపోయాడు. 1757 జనవరిలో ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు విజయనగరం పక్షాన బొబ్బిలి కోటను కూల్చాయి. 1765 ఆగస్టులో క్లైవు బాదుషా షా ఆలం నుండి సర్కారుల ఫర్మానా పొందాడు. 1766 నవంబరు 12న నిజాముతో ఒప్పందం కుదిరింది. చికాకోల్ సర్కారుకు ఏటా రెండు లక్షల రూపాయలు వెల కట్టారు. ఆ బకాయిల లెక్క కూడా 1823లో ఏకమొత్తంగా తీరిపోయింది. ఈ బేరంలో ఉద్దానం రైతును గాని, సిక్కోలు నేతగాడిని గాని సలహా అడిగినవారు లేరు.

నేతగాని మాట రావడమే ఉచితం. ఈ పట్టణపు సన్నని మస్లిను బట్ట ఢాకా, ఆరణి బట్టలకు సాటి అని పేరు పొందింది. నవాబుల కొలువులు పోయి, మాంచెస్టరు మర బట్ట వచ్చేసరికి ఆ మగ్గాలు మూగవోయాయి. 1791, 1866 కరువులు పట్టణాన్ని మరింత కుంగదీశాయి. ఆ నైపుణ్యం పూర్తిగా నశించలేదనడానికి సమీపంలోని పొందూరు సాక్ష్యం. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రపరచి, అతి సన్నని నూలు వడికి నేసే పొందూరు ఖద్దరును గాంధీజీ మెచ్చుకొన్నారు. రాజుల పేర్ల కంటే చేతుల విద్యకు ఆయుష్షు ఎక్కువ.

సాయంకాలం, కళింగపట్నం

పొద్దు వాలేవేళకు యాత్రికుడు వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం చేరవచ్చు. దారిలో శాలిహుండం గుట్ట మీది బౌద్ధస్తూపాలు కనిపిస్తాయి. గుర్తింపు లేకుండా పడి ఉన్న ఆ శిథిలాలను 1919లో వెలుగులోకి తెచ్చింది వ్యావహారిక భాషోద్యమ పితామహుడు గిడుగు రామమూర్తి పంతులు. తన మతానికి చెందని శిథిలాన్ని కూడా తన ఊరి సంపదగా ఎంచిన పండితుని దృష్టి అది.

కళింగపట్నం నేడు మత్స్యకారుల ఊరు. ఓడలు రావడం ఎన్నడో ఆగింది. దీపస్తంభం, ఇసుక, మదీనా అక్వలీన్ పేరుతో ప్రసిద్ధమైన దర్గా మిగిలాయి. అక్కడికీ రెండు మతాలవారూ వస్తారు. తూర్పు తీరంలో ఇస్లాం గుర్రం మీద మాత్రమే రాలేదు; ఓడలో, జోలెలో, మూటలో కూడా వచ్చింది.

ఒక లెక్క గమనించదగినది. కుతుబ్‌షాహీలు, మొగలాయిలు, నిజాములు కలిసి ఈ సీమను నూటయాభై ఏళ్ళకు తక్కువ కాకుండా పాలించారు. అయినా నేటి శ్రీకాకుళం జిల్లాలో ముస్లిములు నూటికి ఒకరు కూడా లేరు. కత్తితో మతం వ్యాపించిందనేవారికి ఇది సమాధానం. పాలకుల వల్ల ధర్మం వర్ధిల్లిందని మురిసేవారికి కూడా ఇదే సమాధానం.

ఇంత స్వల్ప సంఖ్యలో ఉన్న సమాజానికి తన చరిత్రను కాపాడుకోవడం సులువు కాదు. మసీదుల మీది, సమాధుల మీది పారసీక అక్షరాలను చదవగలిగేవారు ప్రతి తరంలోనూ తగ్గుతున్నారు. చదవలేని శాసనం మీద సున్నం పడుతుంది. సున్నం పడిన చోట పుకారు మొలుస్తుంది. ఇచ్ఛాపురం నుండి కళింగపట్నం దాకా ఉన్న ప్రతి శాసనాన్ని అచ్చొత్తి, చదివి, తెలుగులో ప్రకటించడం, గుడి గోడల మీది శాసనాలతో వాటిని పోల్చి చూడడం విద్యావంతులైన యువకులు చేయదగిన పని. అందులో మెచ్చదగినది దొరికినా, నొచ్చుకోదగినది దొరికినా దాచకుండా రాయాలి. సిక్కోలు మసీదు రాళ్ళ గురించి పొరుగువాడు అడిగినప్పుడు తల తిప్పుకోకుండా, గొంతు పెంచకుండా, తెలిసిన నిజాన్ని చెప్పగలిగే ముస్లిం ఆ ఊరిలో ఉండాలి. ఫౌజుదారు విడిచిపోయిన బాకీని ఆ సమాజం తీర్చగల మార్గం అదే.